మా బావ సుద్దముక్క

మా బావకి దెబ్బ కనిపిస్తే ఊరుకోలేని జబ్బు. దెబ్బంటే మనిషికి తగిలిందే కానక్కర్లేదు. గిన్నెకి పడ్డ సొట్ట, గోడకి పడ్డ బీట, ఎవరి కారు మీదో పడ్డ నొక్కు, ఏదైనా సరే. చొక్కా జేబులోంచి సుద్దముక్క తీస్తాడు, వంగి చూస్తాడు, వేలితో తడుముతాడు, ఆ తర్వాత దాని చుట్టూ సున్నా అన్నా చుడతాడు, దాని మీద ఇంటూ అన్నా కొడతాడు. అప్పటిదాకా ఆయనకి ఊపిరాడదు.

ఆ గుర్తులకి అర్థం మా వీధిలో పసిపిల్లలకి కూడా తెలుసు. సున్నా అంటే వడగళ్ళ దెబ్బ. ఆకాశం నుంచి పడింది, ఎవరి తప్పూ కాదు. ఇంటూ అంటే వడగళ్ళది కాదు. వయసు మీదపడో, ఎవరూ పట్టించుకోకో, ఎవరో తొక్కో జరిగింది, దానికి ఆకాశాన్ని ఆడిపోసుకోవద్దు అని. వడగళ్ళు పడ్డప్పుడల్లా బీమా వాళ్ళ తరఫున ఇళ్ళ పైకప్పులెక్కి, ఏ పెంకు ఎందుకు పగిలిందో తేల్చి చెప్పడమే ఆయన ఉద్యోగం. ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు గానీ సుద్దముక్క నుంచి కాలేదు.

పెళ్ళయిన కొత్తలో మా ఇంటికి వచ్చినప్పుడే మాకు తెలిసొచ్చింది. అల్లుడొచ్చాడన్న హడావుడిలో మా నాన్న గుమ్మానికి తల కొట్టుకున్నాడు. బొప్పి కట్టింది. బావ లేచి, జేబులో చెయ్యి పెట్టి, మా నాన్న బట్టతల మీదికి వంగాడు.

"అల్లుడుగారూ, అది నా తలండీ!" అన్నాడు నాన్న భయపడిపోయి.

"తెలుసండీ. కదలకండి. ఇది గుమ్మం దెబ్బ. ఇంటూ."

"పోనీ జుట్టు ఊడింది కదా, అదైనా సున్నాలోకి వస్తుందా?" అంది మా అమ్మ ఆశగా.

బావ చాలాసేపు పరీక్షగా చూశాడు. "లేదత్తయ్యగారూ. అది వయసు" అని రెండో ఇంటూ కొట్టాడు. నాన్న తల మీద చెయ్యి పెట్టుకుని లోపలికి వెళ్ళినవాడు భోజనాల వేళ దాకా బయటికి రాలేదు.

బావమరిది బతకగోరతాడని సామెత. నేనూ మా బావ బతకాలనే కోరుకుంటాను. కాకపోతే నా చెప్పుల కొట్టుకి కాస్త దూరంగా బతికితే బాగుండునని కూడా కోరుకునేవాణ్ణి. ఆయన వచ్చి కూచుంటే బేరానికొచ్చిన ప్రతివాడి పాత చెప్పునీ తిరగేసి, "మడమ ఒకవైపే అరిగింది, ఇది నడక తప్పు, ఇంటూ" అనేవాడు. డబ్బిచ్చి చెప్పులు కొనుక్కోవడానికొస్తే నడక తప్పని చెప్పే కొట్టుకి రెండోసారి ఎవరొస్తారు?

ఇక ఇంట్లో ఆయనకి ఊతపదం ఒకటుంది. గ్లాసు పగలనీ, పాలు పొంగనీ, ఎవరైనా గుడ్డ తీసుకుని పరిగెత్తితే చాలు, "తుడవకు! ముందు ఫోటో తియ్యి!" అని కేకేస్తాడు. తీస్తే సరిపోదు. "పక్కన నాణెం పెట్టు. లేకపోతే సొట్ట చిన్నదో పెద్దదో చూసేవాడికి ఎలా తెలుస్తుంది?" అంటాడు. మా మేనకోడలు చిన్నప్పటి ఫోటోలకన్నా మా అక్క ఇంట్లో పగిలిన సామాన్ల ఫోటోలే ఎక్కువ. అన్నిటి పక్కనా అదే నాణెం.

మరి వడగళ్ళు పడితే మాత్రం ఆయనే వీధికి పెద్ద. వాన వెలిసీ వెలవకముందే జనం ఆయన వరండాలో పోగవుతారు. "ఎవరూ పైకెక్కొద్దు!" అనేది మొదటి మాట. "తడి పెంకు మీద కాలు పెడితే పెంకూ పగులుతుంది, నడుమూ పగులుతుంది. ముందు కింద తిరిగి చూడండి. రేకులకి సొట్టలున్నాయా, కిటికీ జాలీ చిరిగిందా, కారు బానెట్ నొక్కుకుందా? కింద దెబ్బలుంటే పైన కూడా ఉంటాయి. తర్వాత ఇంట్లోకెళ్ళి సీలింగు చూడండి. చెమ్మ మరక కనబడితే దాని చుట్టూ పెన్సిలుతో గీసుకోండి. రేపటికి మరక గీత దాటితే నన్ను పిలవండి."

"మరి వడగల్లు ఒకటి దాచాలా అండీ?" అంది కుట్టుమిషనావిడ ఒకసారి.

"ఎక్కడ దాచారమ్మా?"

"గుప్పిట్లోనే ఉందండీ" అని ఆవిడ గుప్పిట తెరిచింది. నీళ్ళు కారాయి.

"ఫోటో తీశారా?"

"లేదండీ."

బావ రెండు రోజులు మనిషి మనిషిలా లేడు.

ఓ ఏడాది వడగళ్ళు పడ్డ మర్నాడే ఎవరో కాంట్రాక్టరు నిచ్చెన వేసుకుని ఇల్లిల్లూ తలుపు తట్టాడు. మీ పైకప్పంతా పోయింది, ఇక్కడ సంతకం పెట్టండి, మిగతాది నేను చూసుకుంటాను అన్నాడు. బావ పైకెక్కి దిగొచ్చాడు. "బాబూ, దెబ్బలన్నీ ఒకే వరసలో ఉన్నాయేం? వడగళ్ళకి వరస ఉండదు. వరసగా ఉన్నాయంటే అది మనిషి పని. ఏదీ, నీ సంచిలో సుత్తి ఓసారి చూపించు" అన్నాడు. ఆ మనిషి ఎంత తొందరగా వెళ్ళిపోయాడంటే నిచ్చెన కూడా మర్చిపోయాడు. వచ్చి తీసుకుపొమ్మని ఎన్ని కబుర్లు పెట్టినా రాలేదు. ఆ నిచ్చెనని బావ సొంత బిడ్డలా చూసుకునేవాడు. మెట్లకి నూనె కూడా రాసేవాడు.

ఇన్నేళ్ళ కాపురంలో మా అక్కకి ఒక్క సున్నా దక్కలేదు. కూర మాడితే ఇంటూ, తాళంచెవి పోతే ఇంటూ, ఆఖరికి జలుబు చేసినా తల సరిగ్గా తుడుచుకోలేదని ఇంటూ. "మీ బావ చేత ఒక్కసారైనా సున్నా వేయించుకుని పోతానురా" అనేది నాతో. తను మాత్రం ఒక షరతు పెట్టింది. బావ మోకాళ్ళు అరిగిన మనిషి కాబట్టి, తను చూస్తుండగా, కింద ఎవరో ఒకరు పట్టుకుంటేనే నిచ్చెన ఎక్కాలి. ఒంటరిగా ఎక్కినట్టు తెలిసిన రోజున నిచ్చెన స్టోర్‌రూములోకి, తాళం తన కొంగుకి. బావ ఈ షరతుకి ఎంత భయపడేవాడో బీమా ఆఫీసరుకి కూడా అంత భయపడలేదు.

ఇప్పుడు అల్లుడి సంగతి చెప్పాలి. మా మేనకోడలి మొగుడు. బంగారంలాంటి కుర్రాడు, కానీ చెయ్యి పడితే ఏదీ మిగలదు. ఇల్లు దొరికేదాకా అని అత్తారింట్లో దిగాడు. కుళాయి తిప్పితే కుళాయి చేతికొచ్చింది. కుర్చీలో కూచుంటే కుర్చీ కూలబడింది. సాయం చేస్తానని ఫ్యాను తుడిస్తే దాని రెక్క వంగింది. వెనకాలే బావ వచ్చి ఇంటూ మీద ఇంటూ. ఇల్లంతా తప్పులు దిద్దిన పరీక్ష పేపరులా తయారైంది. మా అక్కకి కోపమొస్తే మర్యాద పెరుగుతుంది. "అల్లుడుగారూ, తమరు ఇంకొక్కటి విరగ్గొడితే తమకి వేరే కాపురం పెట్టించేస్తాను. దయచేసి గుర్తుపెట్టుకోండి" అంది. "ఆయనెక్కడుంటే నేనక్కడే" అని మా మేనకోడలు కూడా తెగేసి చెప్పింది. కూతురు వెళ్ళిపోతే మా అక్క ఒక్క పూట ఉండలేదని అందరికీ తెలుసు. అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు మా వంశంలో లేదని కూడా తెలుసు.

సరిగ్గా అప్పుడే వడగళ్ళు పడ్డాయి. వీధిలో పెద్దగా నష్టం లేదు. మా అక్క పడకగదిలో మాత్రం సీలింగు నుంచి ధార కట్టి, కొత్త పరుపు నానిపోయింది. బావ అలవాటు కొద్దీ "తుడవకు! ముందు ఫోటో తియ్యి!" అన్నాడు. అక్క చూసిన చూపుకి రెండో మాట మింగేశాడు.

"క్రితం వారం మేం బజారుకెళ్ళినప్పుడు, టీవీ బొమ్మ సరిగా రావట్లేదని అల్లుడుగారు పైకెక్కారట కదా?" అంది అక్క చాలా మెత్తగా. అల్లుడు రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.

"ఎక్కానండీ. కానీ మెల్లిగానే నడిచానండీ."

"అలాగా. మీ మావగారు చూసొస్తారు. సున్నా అయితే నా అదృష్టం. ఇంటూ అయితే మీ సామాను సర్దడానికి నేనూ ఓ చెయ్యి వేస్తాను."

మా మేనకోడలు వెళ్ళి అటక మీద నుంచి పెట్టె దింపుకుంది.

పైకప్పు ఆరాక నిచ్చెన వేశాం. అల్లుడు కింద పట్టుకున్నాడు. ఎత్తంటే నాకు కళ్ళు తిరుగుతాయి, అయినా కుతూహలం కొద్దీ ఆఖరి మెట్టుదాకా వెళ్ళి కళ్ళు మాత్రం పైకి పెట్టాను. బావ పెంకుల మీద పిల్లిలా నడిచి వెళ్ళి వంగాడు. పెంకు నిలువునా పగిలింది. దాని పక్కన పచ్చటి పాచి మీద పాదం గుర్తు, అడుగున అడ్డగీతలతో సహా అచ్చు గుద్దినట్టుంది. ఆ గీతలు ఏ బూట్లవో నేను నిద్రలో అడిగినా చెప్పగలను. నా కొట్లో అమ్మినవే. పది నంబరు. వీధిలో ఆ సైజు ఒక్క అల్లుడిదే. మా బావది ఆరు. ఆయనకి సైజు దొరక్క పిల్లల అరలో వెతుకుతాను.

బావ సుద్దముక్క తీశాడు. ఇంటూ కొట్టాడు. అయిపోయింది, వీళ్ళ కాపురం లేచిపోయిందనుకున్నాను. తర్వాత ఆయన అటూ ఇటూ చూసి, జేబురుమాలు తీసి, ఆ పాదం గుర్తుని శుభ్రంగా తుడిచేశాడు. ఫోటో తియ్యలేదు. నాణెం పెట్టలేదు. చెప్పు విప్పి, తన పాదం అక్కడ ఆనించి, చుట్టూ సుద్దముక్కతో గీశాడు. వెనక్కి తిరిగేసరికి నా కళ్ళు కనిపించాయి.

"నిచ్చెన మీద అంతసేపు నిలబడకూడదురా, దిగు" అన్నాడు.

కిందికొచ్చి గొంతు సవరించుకున్నాడు. "ఇంటూ."

"చెప్పానా!" అంది అక్క. అల్లుడు నిచ్చెన వదిలేసి చేతులు కట్టుకున్నాడు.

"పూర్తిగా విను. పాదం నాది. మొన్న నువ్వు బజారుకెళ్ళినప్పుడు ఒంటరిగా ఎక్కాను. కాలు జారింది. పెంకు పగిలింది. కావలిస్తే ఎక్కి చూసుకో, పాదం గీశాను."

"మావయ్యగారూ, అది..." అని అల్లుడు నోరు తెరిచాడు.

"నువ్వూరుకో! పైకప్పుల సంగతి నీకేం తెలుసు?" అని బావ కసురుకున్నాడు.

అక్క ఆయన్ని ఎగాదిగా చూసింది. నిచ్చెన భుజానికెత్తుకుని, స్టోర్‌రూములో పెట్టి, తాళం వేసి, తాళంచెవి కొంగుకి ముడేసుకుంది. తలుపు పడ్డ చప్పుడుకి బావ కళ్ళు మూసుకున్నాడు. నిజం చెప్తున్నాను, నాకు ఆ క్షణాన ఆ పొట్టి పాదాలకి దణ్ణం పెట్టాలనిపించింది. మా మేనకోడలు పెట్టె మళ్ళీ అటకెక్కించింది. అల్లుడు సాయం పట్టబోతే "మీరొద్దు" అంది.

వరండాలో ఇద్దరమే మిగిలాక అన్నాను. "బావా, జన్మలో మొదటిసారి అబద్ధమాడావు."

"సుద్దముక్కతో ఆడలేదే. తొక్కితే పగిలింది, ఇంటూ వేశాను. తొక్కింది ఎవరని పైకప్పు అడగదు."

"మరి నోటితో?"

"నోరు తనిఖీకి రాదురా" అన్నాడు. కళ్ళు మాత్రం స్టోర్‌రూము తలుపు మీదే ఉన్నాయి.

నేను పెరట్లోకి వెళ్ళాను. అక్క పరుపు ఎండలో వేసి దులుపుతోంది. బావ మీద జాలి పుట్టించాలని ఏదో మొదలుపెట్టాను. మధ్యలోనే ఆపేసింది.

"ఒరేయ్, మీ బావ పాదమెంతో నాకు తెలీదా? ఆ చెప్పులు నీ కొట్లో కొనేది నేను కాదూ? అయినా మొన్న బజారులో నా వెనకాల సంచులు మోసుకుంటూ నడిచింది ఎవరనుకున్నావు? ఈయనే. అక్కడ కూరగాయల తక్కెడకి సొట్టుందని ఇంటూ కొట్టి తగూ కూడా పెట్టుకున్నాడు."

"మరి తెలిసీ నిచ్చెన ఎందుకు లాక్కున్నావే?"

"అబద్ధమాడ్డం చేతకాని మనిషి ఇన్నాళ్ళకి ఒకటి ఆడితే, నమ్మకపోతే చిన్నబోడూ?" అంది. కొంగుతో కళ్ళొత్తుకుంటుందేమో అనుకున్నాను. ఫక్కున నవ్వింది. "పది రోజులాగి ఇచ్చేస్తాలే. ఈలోగా ఆ మోకాళ్ళకి కాస్త విశ్రాంతి."

సాయంత్రం కాఫీ తెచ్చి ఇచ్చింది. బావ గ్లాసు అంచున చిన్న సొట్ట చూసి, జేబు తడుముకుని, సుద్దముక్క లేక కంగారుపడ్డాడు. ఎప్పుడు కాజేసిందో, అది అక్క చేతిలో ఉంది. ఆయన వెనక్కి తిరిగి వెతుక్కుంటుంటే, చొక్కా వీపు మీద, రెండు భుజాల నడుమ, ఇంత పెద్ద సున్నా చుట్టి, తిన్నగా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"ఏమిట్రా అది? వీపు మీద ఏం గీసింది?"

"సున్నా, బావా."

"సున్నానా? సరిగ్గా చూశావా? ఇంటూ కాదూ?"

"కాదు. నువ్వు ఆకాశం నుంచి పడ్డ బాపతట. ఎవరి తప్పూ కాదట."

బావ మెడ ఎంత తిప్పినా వీపు కనిపించలేదు. ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. పాపం, మంచి చొక్కా పాడైపోయిందని నేను జేబురుమాలు తీశాను. "ఉండు బావా, తుడిచేస్తాను."

"తుడవకు!" అని ఒక్క కేక పెట్టాడు. జేబులోంచి నాణెం తీసి నా చేతిలో పెట్టి, వీపు నా వైపు తిప్పి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. "ముందు ఫోటో తియ్యి."