ఉమ పదిలపరిచిన ఎక్స్‌రే

జంషెడ్‌పూర్ సాక్చి బజారులో ఒక స్కానింగ్ సెంటర్లో కంప్యూటర్లు చూసే ఉమామహేశ్వరికి, తనుండే భాలుబాసా పేటలో మంచి పేరు. అందులో సగం ఆవిడ స్వయంగా చెప్పుకున్నదే అనుకోండి. ఎక్స్‌రేలన్నీ దాచడానికి సెంటర్‌కి గంపెడు డిస్కులున్న కొత్త పెట్టె వచ్చినప్పుడు, దానికి ఏ ఫైల్ సిస్టమ్, అంటే ఫైళ్లు సర్దిపెట్టే ఏ పద్ధతి, వెయ్యాలో తేల్చింది తనేనని కుళాయి దగ్గర కూడా చెప్పింది. ఏరికోరి జెడ్‌ఎఫ్‌ఎస్ ఎంచుకుంది. దాచిన ప్రతి ఫైలుకీ అది గుర్తు వేసుకుని, తర్వాత వెంట్రుకవాసి మారినా పట్టేస్తుంది. ఎంపికలో వంక లేదు.

కానీ జంషెడ్‌పూర్‌లో ఏ యంత్రమైనా విశ్వకర్మ పూజనాటికి బొట్టు పెట్టించుకోవాల్సిందే. యజమాని తొందరపెట్టాడు. పాత డిస్కుల నుంచి కాపీ అవుతుంటే కొన్ని ఫైళ్ల దగ్గర చదవలేకపోతున్నానంటూ తెర మీద ఎర్ర గీతలొచ్చాయి. చదవలేనిచోట ఖాళీ వదిలి ముందుకు పొమ్మంది ఉమ. పూజయ్యాక చూద్దామనుకుంది. ఇల్లలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అన్నారా? లడ్డూలు పంచారు, పాత డిస్కులు చెరిపేసి పాత సామాన్ల కబాడీకి వేసేశారు. ఎర్ర గీతల సంగతి ఉమ మళ్లీ గుర్తుకు రానివ్వలేదు.

ఈమధ్య పక్కింటి సింహాచలమ్మకి ఊపిరితిత్తిలో కిందివైపు మచ్చ కనబడింది. ఇదివరకు అక్కడే తీయించుకున్న పాత ఎక్స్‌రేలోనూ అది ఉంటే భయం లేదు, లేకపోతే సూది గుచ్చి ముక్క తియ్యాలన్నాడు సెంటర్లోని డాక్టరు.

"మా ఉమ దగ్గర పదిలంగా ఉంటాది బాబూ," అంది సింహాచలమ్మ ధీమాగా.

ఉమ ఫైలు తెరిచింది. పైసగం పక్కటెముకలు, కిందసగం నలుపు. జెడ్‌ఎఫ్‌ఎస్‌ని అడిగితే తప్పులేమీ లేవంది. ఎందుకుంటాయి? ఉమ దానికి చెడిన ఫైలునే ఇచ్చింది, ఆ చెడిన ఫైలునే అది ప్రాణంలా కాపాడింది.

"మెషీన్ ఖరాబ్ హై క్యా?" అన్నాడు డాక్టరు.

అవునని తలూపింది ఉమ. ఊపాక తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సింహాచలమ్మ లేచి వచ్చి ఉమ భుజం నిమిరింది. "నువ్వెందుకే అలాగైపోతన్నావు? మిసను పాడైతే నువ్వేటి చేత్తావు తల్లీ?"

ఆ చెయ్యి కింద ఉమ నిలవలేకపోయింది.

"మిషను తప్పు కాదు పిన్నీ. పాడైందని తెలిసీ, చూసుకోకుండా నేనే ఎక్కించీసాను. పాతవి పారీసాం కూడా."

భుజం మీద చెయ్యి ఆగింది. తర్వాత మెల్లగా వెనక్కి వెళ్లి చీర చెంగు పట్టుకుంది.

"అయితే సూది గుచ్చుతారేటి?"

ఆ మాట సింహాచలమ్మ ఉమని అడగలేదు, డాక్టర్ని అడిగింది.