పదిహేను చారల నీడ

మేం తీసిన సినిమా నిడివి పందొమ్మిది నిమిషాల నలభై సెకన్లు. అందులో నా భార్య గొంతు వినబడేది నాలుగు సెకన్లు. ఆమె నవ్వు మాత్రం ఎక్కడా లేదు. ఆమె నవ్వడంతో ఆ రోజు తీసింది చెడిపోయిందని పక్కన పెట్టి, మర్నాడు మళ్లీ తీశారు. మూడేళ్లుగా నేను వెతికింది ఆ చెడిపోయిన ముక్క కోసమే.

నేను సిరిసిల్లలో వార్పిన్ పని చేస్తాను. బట్ట నేయడానికి ముందు నిలువు పోగులను వరుసగా పేర్చి భీము అనే పొడుగాటి రోలరుకు చుట్టే పని అది. ముప్పై ఎనిమిది అంగుళాల పన్నా, అంటే బట్ట వెడల్పు, అంగుళానికి నలభై ఎనిమిది పోగులు, మొత్తం పద్దెనిమిది వందల ఇరవై నాలుగు. ఒక్క పోగు తప్పినా బట్ట పొడుగునా గీత పడుతుంది. ఏడో తరగతితో బడి మానేసిన నేను లెక్కలు నేర్చుకున్నది పాత కాగితాల దుకాణంలో దొరికిన అట్ట ఊడిన పుస్తకం నుంచి, ఆ తర్వాత ఈ పోగుల నుంచి. అందుకే నా భార్య నన్ను లెక్కలాయన అని పిలిచేది.

"ఓ లెక్కలాయనా, బియ్యంల రాళ్లెన్ని ఉన్నయో జూడు!"

ఆ పిలుపు వాకిలి దాటి, గల్లీ దాటి కార్ఖానాకు వచ్చేది. మరమగ్గాలను మేం సాంచాలంటాం. నాలుగు సాంచాలు నడుస్తుంటే మగవాళ్లమే ఒకరి చెవిలో ఒకరు అరవాలి. ఆమెకు ఆ అవసరం ఉండేది కాదు.

సినిమా ఆలోచన నా దోస్తుది. వాడు వైపని చేస్తాడు, అంటే నేను చుట్టిన భీములోని పోగులను ఒక్కొక్కటిగా దువ్వెన పళ్లలాంటి అచ్చులోకి ఎక్కిస్తాడు. పడుచుతనంలో ఆదివారం మధ్యాహ్నాలు ఇద్దరం వీడియో హాల్లో పాత నలుపు తెలుపు డిటెక్టివ్ సినిమాలు చూసేవాళ్లం. పొడుగు కోటు, కనుబొమల మీదికి దిగిన టోపీ, ఎడతెగని వాన, కిటికీ పలకల సందుల్లోంచి ముఖం మీద చారలు చారలుగా పడే వెలుగు. ఆ డిటెక్టివ్ ఎప్పుడూ లోలోపల తనతో తానే మాట్లాడుకునేవాడు, అదీ పుస్తకాల తెలుగులో. నలభై దాటాక నా దోస్తుకు ఆ డిటెక్టివ్‌ను మా గల్లీలోకి దింపి నవ్వించాలని పుట్టింది. పెళ్లిళ్లకు వీడియో తీసే తమ్ముడొకడు కెమెరా పట్టుకుంటానన్నాడు.

కథ చిన్నది. కార్ఖానా ఆసామి కోడిపుంజును ఎవరో చంపారు. డిటెక్టివ్ ఈకలు ఏరుకుంటూ గల్లీ అంతా తిరుగుతాడు. కోటు దొరక్క రెయిన్‌కోటు తొడిగాం. నడి ఎండాకాలం కాబట్టి వాన బదులు వాడి చెమటే కారింది. తాటాకు టోపీకి నల్ల రంగు వేశాం. సిగరెట్టు పొడుగ్గా కనబడాలంటే, బీడీలు చుట్టే నా భార్య జానెడు బీడీ ఒకటి చుట్టి ఇచ్చింది. వాడు ఒక్క దమ్ము లాగి ఐదు నిమిషాలు దగ్గాడు.

ఆమె మొదట సినిమాలో లేదు. చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ గడప దగ్గర కూర్చుని చూస్తోంది. నా దోస్తు గొంతు బరువు చేసుకుని అందుకున్నాడు.

"ఈ నగరం నిద్రపోదు. ఈ నగరానికి ఏదో రహస్యం తెలుసు."

"రహస్యమేందన్నా," అంది ఆమె, "పగలు రాత్రి సాంచాలు నడుస్తుంటే ఎవనికి నిద్రొస్తది?"

కెమెరా తమ్ముడు పడిపడి నవ్వాడు. "అక్కా, నువ్వే గావాలె నాకు. కోడిని సంపిన మనిషివి నువ్వే."

"నేనా? సుట్టాలు జూస్తే ఇజ్జత్ పోతది, పో."

"మొఖం రానియ్య. గోడ మీద నీడ, నీ మాట. గంతే."

ఆమె నా వైపు చూసింది. "నీడకైతే ఇజ్జతేం పోదు తియ్," అన్నాను. ఆ మాటకే ఒప్పుకుంది.

చిక్కంతా నీడతోనే వచ్చింది. ఆ సినిమాల్లోలాగా చారల వెలుగు కావాలి. పలకల కిటికీలు మాకెక్కడివి? వైపనికి సిద్ధంగా ఉన్న భీము పోగులను పరదాలా సాగదీసి, వాటి మీదుగా వెలుగు పంపుదామన్నాను. పంపితే గోడంతా మసక. అంగుళానికి నలభై ఎనిమిది పోగులుంటే చారలు విడిగా ఎందుకు పడతాయి? పోగులను కట్టలు కట్టాలి. ఒక పూటంతా చాక్‌పీసుతో గోడ మీద లెక్క వేశాను. నూట ఇరవై పోగుల కట్టలు పదిహేను, మధ్య దాదాపు రెండున్నర అంగుళాల ఎడం. మిగిలిన ఇరవై నాలుగు పోగులు నన్ను చాలా సతాయించాయి. చివరికి కుడివైపు కట్టలో కలిపేశాను. అందుకే సినిమాలో కుడి చివరి చార కొంచెం లావుగా ఉంటుంది. అది ఎవరికీ తెలియదు. ఇప్పుడు చెబుతున్నాను.

"కట్టుడు నువ్వు కట్టినవ్," అన్నాడు నా దోస్తు పోగుల వైపు చూస్తూ. "మల్ల ఇవన్ని ఇడదీసి అచ్చుకెక్కిచ్చేది నేను. హత్య గిదే, నా పానం తీసుడు."

కరెంటుంటే సాంచాల చప్పుడు, లేకుంటే దీపం లేదు. ఆ వారం లైను మరమ్మతులని రోజూ ఎనిమిది నుంచి పది దాకా కరెంటు తీసేవారు. ఎనిమిది పది నుంచి ఇరవై అయిదు నిమిషాలు వెంటిలేటర్‌లోంచి ఎండ లోపలికి పడేది. ఇంట్లోని నిలువుటద్దం తెచ్చి, స్టూలెక్కి, ఆ ఎండను నేను పోగుల మీదికి తిప్పాను. పోగులకు ఆవల, గోడ పక్కన ఆమె కూర్చుంది. తెల్లటి గోడ మీద పదిహేను నల్ల చారలు, వాటి మధ్య కొప్పు, మెడ, భుజం. పొద్దటి ఎనిమిదిన్నరకు మా కార్ఖానాలో అర్ధరాత్రి అయింది.

డిటెక్టివ్ వేషంలో నా దోస్తు ఆ నీడ ముందుకొచ్చాడు. "చెప్పు. ఆ నిండు ప్రాణాన్ని బలిగొన్నది ఎవరు?"

ఆమె చెప్పాల్సింది, "అవును, నేనే హంతకురాలిని" అని. ముందురోజు సాయంత్రమంతా వల్లె వేసింది. తీరా చెప్పింది ఇది.

"నేనే సంపిన. కూర తిన్నది నువ్వే గదా!"

రాసుకోని మాట అది. నా దోస్తు నోరు తెరిచాడు. అంటించిన మీసం ఒక పక్క ఊడి వేలాడింది. ఆమె నవ్వింది. ముందు ముక్కుతో ఆపుకోబోయి, ఆగక, గొంతు విడిచి నవ్వింది. స్టూలు మీద నా చేతిలో అద్దం ఊగింది. గోడ మీది చారలన్నీ ఊగాయి.

మర్నాడు అదే మాటను నవ్వకుండా చెప్పించి తీశారు. సినిమా ఫోన్లలో తిరిగింది. నిర్మల్ నుంచి, చెన్నూరు నుంచి కూడా ఎవరో ఫోన్ చేసి, "కూర తిన్నది నువ్వే గదా" అని నా దోస్తును ఆటపట్టించేవారు.

ఆ తర్వాత కొన్నేళ్లకు ఆమె గొంతులో గడ్డ వచ్చింది. గొంతు నరం గడ్డలో కలిసిపోయిందని, తీస్తే మాట పోవచ్చని కరీంనగర్‌లో డాక్టర్లు ముందే చెప్పారు. తీయకపోతే మనిషే దక్కదు. ఆమె తలూపింది. లోపలికి తీసుకుపోయే ముందు, "ఓ లెక్కలాయనా, ఫికర్ జెయ్యకు" అంది. గొంతుతో నన్ను పిలవడం అదే ఆఖరు.

ఇప్పుడు గొంతు పలకదు, ఉత్త గాలితో మాట్లాడుతుంది. దగ్గరగా ఉంటే నాకు అర్థమవుతుంది. దూరంగా ఉంటే చప్పట్లు కొడుతుంది. ఒకటంటే రమ్మని, రెండంటే అన్నానికి. వీటన్నిటికీ అలవాటు పడ్డాం. పడలేనిది ఒక్కటే, ఆమె నవ్వడం మానేసింది. నవ్వొస్తే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ముఖం తిప్పుకుంటుంది. ఒకసారి ఎందుకని అడిగితే, "సప్పుడు లేని నవ్వు ఏం నవ్వు?" అంది గాలిగా.

ఆ నవ్వు ఆమెకు వినిపించాలని నాకు పంతం పట్టుకుంది. ఆమెకు అన్నాను గాని, నాకే. పని మధ్యలో చెవుల్లో ఫోన్ తీగలు పెట్టుకుని ఆ నాలుగు సెకన్లు వినేవాణ్ని. "గదా" తర్వాత నవ్వు రావాలి. రాదు. అక్కడ కోత పడుతుంది, నా దోస్తు ముఖం వస్తుంది.

కెమెరా తమ్ముడు ఇప్పుడు కరీంనగర్‌లో దుకాణం పెట్టుకున్నాడు. మూడేళ్లలో ఐదుసార్లు వెళ్లాను. నాలుగుసార్లు లేదనే చెప్పాడు.

"అన్నా, గప్పటి కార్డు మీద ఎన్ని పెండ్లిల్లు తీసిన్నో. చెడిపోయింది ఎవడు దాస్తడు?"

అయిదోసారి, మొన్న ఎండాకాలంలో, పాత డిస్కు ఒకటి దొరికిందని తనే ఫోన్ చేశాడు. పోయి పక్కన కూర్చున్నాను. గోడ వచ్చింది. నీడ వచ్చింది. "కూర తిన్నది నువ్వే గదా!" నేను ముందుకు వంగాను.

సాంచాల చప్పుడు. నాలుగూ ఒక్కసారిగా మొదలయ్యాయి.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు కరెంటు ముందే వచ్చింది. మా దగ్గర కరెంటు పోతే ఎవరూ సాంచా స్విచ్చి తీయరు. నేసిన బట్టకు మీటరు లెక్కన కూలి, కరెంటు రాగానే అది నడవాలి, నిమిషం పోకూడదు. సినిమా తీస్తున్నామని కూడా మాకు తీయాలని తోచలేదు. ఇన్నేళ్లు నా జ్ఞాపకంలో ఆ నవ్వు ఒక్కటే ఉంది, సాంచాలు లేవు. డిస్కులో సాంచాలున్నాయి, నవ్వు లేదు. నీడ భుజాలు మాత్రం అదురుతున్నాయి.

"జర చప్పుడు తీసేస్తే నవ్వు ఇనవడదా?" అని అడిగాను.

తమ్ముడు గంటసేపు ఏవేవో నొక్కి చూశాడు. "లేదన్నా. నవ్వంత సాంచాల్ల కలిసిపోయింది."

అయినా ఫోన్‌లో ఎక్కించుకున్నాను. బస్సులో తెరిచి చూడలేదు. శబ్దం దొరకలేదు, ఇక దొరకదు. ఆ సంగతితోనే ఇంటికి చేరాను.

రెండు రోజులు ఆమెకు చెప్పలేదు. మూడో రోజు సాయంత్రం ఆమె చాట పక్కన పెట్టి తంబాకు దులుపుకుంటుంటే, పక్కన కూర్చుని ఫోన్ చేతికిచ్చాను. చప్పుడు తీసేశాను. గోడ మీద ఆమె నీడ మాట్లాడింది, తర్వాత ఊగిపోయింది. ఆమె కళ్లార్పకుండా చూసింది. నేను నాకు తెలిసిన పని చేశాను. చారలు లెక్కపెట్టాను.

"పదిహేనుండాలె," అన్నాను. "పద్నాలుగే ఉన్నయ్. నేను తప్పు కట్టలే. ఒకటేమాయె?"

ఆమె వెనక్కి జరిపి, ఆపి, తెర మీద వేలు పెట్టింది. చారల నడుమ సన్నగా ఇంకో వేలి నీడ. ఒక కట్టను కొక్కెంలా పట్టి పక్క కట్టకు ఆనించింది. రెండు చారలు ఒకటయ్యాయి. ఆమె భుజాలే చూస్తూ నేను ఆ వేలిని చూడలేదు.

"పోగులు గుంజినవా? ఎందుకు?"

తన వేలిని అలాగే తెర మీంచి తీసి నా వైపు చూపింది. నేను వంగి చెవి పెట్టాను.

"నువ్వు కనవడలే," అంది. "అద్దం పట్టుకొని కోతి తీర్గ ఊగుతున్నవ్. జూద్దామని."

ఆ రోజు ఆమె నవ్వింది డిటెక్టివ్ మీసం చూసి అనుకున్నాను ఇన్నేళ్లు. నా మొహంలో ఏం కనబడిందో ఆమె భుజాలు కదిలాయి. చెయ్యి అలవాటుగా లేచింది, నోటి దాకా వచ్చి, అక్కడ ఆగి, ఒళ్లోకి దిగిపోయింది. తెర మీద నీడ ఎలా నవ్వుతోందో అలాగే నవ్వింది, అంతే అదురు, అంతే వంపు. ఎందులోనూ చప్పుడు లేదు.

మళ్లీ మొదటి నుంచి పెట్టింది. ఈసారి నేను చారల వైపు చూడలేదు.