మునెమ్మ కడుపు మీద మూడు వాతలు

దయ్యం కథ మొదలుపెట్టినవాళ్ళను సగంలోనే ఆపి సాక్ష్యం అడిగే రకం నేను. మద్రాసులో బి.ఏ. చదివినదాన్ని. ఇప్పుడు నన్నెవరైనా సాక్ష్యం అడిగితే, నా దగ్గర ఒక కార్డు ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో ఒక డాక్టరు రేణిగుంట దగ్గరి పల్లెల్లో కడుపులో బల్ల, అంటే ప్లీహం వాచే జబ్బు, ఎందుకొస్తుందో పరిశోధించేవారు. ఆయనకు తెలుగు రాదు. రోగుల మాట ఆయనకు చెప్పి, కార్డుల మీద రాయడం నా పని.

ఒక ఉదయం మునెమ్మ అనే ఆమె వచ్చింది. డాక్టరు కడుపు తడిమి, పక్కటెముకల కింద బల్ల నాలుగు వేళ్ళుందని, పైన మూడు పాత వాతలున్నాయని, నడిమిది వంకరని తన చేత్తోనే రాశారు. బల్లకు వాతలు పెట్టడం ఇక్కడ మామూలే.

ఆయన అటు తిరగగానే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“నా బాధ కాదు తల్లీ, మా కోడలు రాజమ్మది. మద్దెమద్దెలో మైలవతాండాది. సిగ్గుతో అది నోరిప్పదు. బిన్నా పిలిపించమ్మా, ఆలీసం సెయ్యొద్దు.”

మా ఆడవాళ్ళ సంగతి నాకు తెలీదా? తమ జబ్బును కోడలి మీదో చెల్లెలి మీదో పెట్టి చెప్పడం వాడుక. కనిపెట్టేశాననుకుని, నెలకూ నెలకూ మధ్య రక్తం పోతోందని, ఆ జబ్బునూ మునెమ్మ పేరనే రాశాను. గర్భసంచి ముఖద్వారంలో రాచపుండు, అంటే క్యాన్సరేమో, ముందే చూస్తే రేడియంతో ఆశ ఉంటుందన్నారు డాక్టరు. లేడీ డాక్టరు దగ్గరికి రమ్మని అటు పోయే బండివాళ్ళతో మునెమ్మకు రెండుసార్లు కబురు పంపాం. రాలేదు. మూడు వారాలకు ఒళ్ళుమండి నేనే వాళ్ళింటికి వెళ్ళాను.

గుమ్మంలో పాలిపోయిన మనిషొకతె కూర్చుని ఉంది. మీ అత్త ఏదని అడిగాను.

“మా అత్తా? సచ్చిపోయి రెండేండ్లాయ గదమ్మా!”

ఆమే రాజమ్మ. అత్త వాతల సంగతి అడిగితే నవ్వింది. “మూడుండె. నడిమిది వంకర. కాల్చేటప్పుడు ఎగిరిందంట.”

మైల సంగతి అడగ్గానే నవ్వు ఆగిపోయింది. “మా ఆయనక్కూడా సెప్పలేదే. నీకెవురు సెప్పినారు?”

లేడీ డాక్టరు చూసింది. రాచపుండే. మద్రాసు పంపాం. ఇంకాస్త ముందు తేవలసిందని అక్కడివాళ్ళన్నారు. ఎంత ముందని నేనడగలేదు. రాజమ్మ ఆ ఏడు దాటలేదు.

ఎవరో మునెమ్మ పేరు చెప్పుకుని వచ్చి ఉంటారు, కార్డు చించెయ్యమన్నారు డాక్టరు.

“చించుతాను. తడిమిన మీ వేళ్ళనేం చేస్తారు?” అన్నాను.

కార్డు నా పెట్టెలోనే ఉంది. ఆయన రాసిన వంకర వాతకు ఈనాటికీ నాకు జవాబు దొరకలేదు. దాని కింద, కోడలి జబ్బును అత్త పేరన రాసిన నా చేతిరాత ఉంది. దాన్ని మాత్రం ఏ దయ్యమూ రాయించలేదు.