తమ్ముడి గడప దిక్కు తిరిగిన కెమెరా

ఎడపల్లిలో పొలాల గెట్టు తగాదాలు తెంపాలంటే భీమన్నే రావాలి. ఇద్దరు రైతులు ఒడ్డు మీద కొట్లాటకు దిగితే ఎవరో ఒకరు పోయి ఆయన్ను పిలుచుకొస్తారు. ఆయన ఇద్దరినీ కూర్చోబెట్టి, "కడుపుల ఏమున్నదో మొఖం మీదనే చెప్పుకోండ్రి" అంటాడు. సగం తగాదా అక్కడే చల్లారిపోతుంది. అలాంటి మనిషి తన వాకిట్లోకి వచ్చేసరికి ఆ మాటే మరిచిపోయాడు.

తండ్రి పోయాక భీమన్న, తమ్ముడు విష్ణు వేరుపడ్డారు గానీ వాకిలి ఒక్కటే. ఇళ్లు ఎదురెదురుగా ఉంటాయి. గేటు ఇద్దరిదీ. వాకిలి మూలన భీమన్న పసుపు దాచుకునే కొట్టం. ఈ ఏడు కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి, నిజామాబాద్ మార్కెట్‌కు తోలడానికి సంచులు కుట్టి పెట్టాడు. ఒక పొద్దున చూస్తే అందులో రెండు సంచులు లేవు. కొట్టానికి తాళం లేదు, గడియ ఒక్కటే. ఆ గడియ మొండిది. తలుపును భుజంతో కొంచెం పైకి ఎత్తితే తప్ప ఊడిరాదు. ఆ కిటుకు ఇంట్లోవాళ్లకే తెలుసు.

ఇంట్లోవాళ్లు అనుకోగానే భీమన్న చూపు ఎదురింటి గడప మీదికి పోయింది. పోయినందుకు తనను తానే తిట్టుకున్నాడు. అయినా అనుమానం పోలేదు. ఆ వారమే విష్ణు కొత్త ఫ్రిజ్ తెచ్చాడు. వేరే రోజైతే భీమన్న పరుగెత్తి ఒక పక్క పట్టేవాడు. ఆ రోజు కిటికీ దగ్గర నిలబడి చూశాడు.

కెమెరా మాట ముందు ఎత్తింది విష్ణే. "పోయినయి ఎట్లాగూ పోయినయి. ఇంక పోకుంట సూస్కోవాలె గదన్నా. పా, నిజామాబాద్ పోయొద్దాం" అని బండి తీశాడు. వెనక కూర్చున్న భీమన్న ఎప్పటిలా తమ్ముడి భుజం పట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని సీటు కింది కడ్డీ పట్టుకున్నాడు.

బస్టాండు దగ్గరి దుకాణంలో రంజిత్ అనే యజమాని మూడు కెమెరాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది కదలదు. ఎటు బిగిస్తె అటే సూస్తది, గేటు కాడ మనిషి మొఖం సాఫ్‌గ కనవడ్తది. ఇది తిరుగుతది. ఫోన్ల వేలు జరిపితే తల తిప్పుతది, వాకిలంత దొరుకుతది. మూడోది ఎండతోని నడుస్తది, సిమ్ము ఏస్కోవాలె. అది పొలం కాడికి మంచిది, ఇంటికి అక్కర లేదు." మూడూ చూపించాక అడిగాడు. "ఇంతకు మీరు ఏం సూడాలె?"

భీమన్న తనకు తెలియకుండానే తలతిప్పి తమ్ముడి మొఖం చూశాడు. మరుక్షణం తేరుకుని, "గేటు" అన్నాడు.

"గేటే అయితే కదలంది సాలన్నా. తిరిగేదాంట్ల మోటరుంటది, వానలకు ఖరాబైతది," అన్నాడు విష్ణు. రంజిత్ కూడా నిజమేనన్నట్టు తలూపాడు. మాట సరైనదే. కానీ భీమన్నకు అది వేరేగా వినబడింది. వాకిలంతా కనబడేది వీడికెందుకు వద్దు?

"తిరిగేదే ఇయ్యి," అన్నాడు.

విష్ణు ఇంటికి చేరేదాకా గుంతలు తప్పించుకుంటూ, అన్న ఒళ్లోని డబ్బా అదరకుండా బండి మెల్లగా నడిపాడు.

మరునాడు దుకాణం మనిషి వచ్చి భీమన్న ఇంటి చూరు కింద కెమెరా బిగించి, ఫోన్‌లో ఎలా తిప్పాలో చూపించి పోయాడు. మధ్యాహ్నం భీమన్న మంచం మీద కూర్చుని వేలు జరిపాడు. గేటు వచ్చింది, బోరింగు వచ్చింది, కొట్టం వచ్చింది, విష్ణు గడప వచ్చింది. వేలు అక్కడ ఆగిపోయింది.

అప్పటి నుంచి అదే చూశాడు. మరదలు సుష్మ బియ్యంలో రాళ్లు ఏరుతుంది. విష్ణు చెప్పులు దులిపి వేసుకుంటాడు, ఉల్లినారు కట్ట లోపల పెడతాడు. అంతే. ఎవరో అన్నం తింటుంటే గుడ్లప్పగించి చూసినట్టు అనిపించి ఫోన్ పక్కన పడేసేవాడు. కొంచెంసేపటికి మళ్లీ తీసేవాడు.

తిరిగే కెమెరాతో ఒక చిక్కుంది. అది ఎటు చూస్తోందో కింద తిరిగేవాళ్లకు కూడా కనబడుతుంది. సుష్మ ముందు బట్టలారేసే తాడు పెరట్లోకి మార్చింది. ఆ తర్వాత విష్ణు వచ్చాడు.

"అన్నా, కెమెరా జర గేటు దిక్కు తిప్పు. సుష్మకు వాకిట్ల మెసలబుద్ధి గాట్లే."

కోపం లేదు ఆ మాటలో. తప్పు దిద్దుకోమని దారి ఇచ్చినట్టే ఉంది. భీమన్న ఆ దారి పట్టలేదు. "అదే తిరుగుతదిరా. మిషిను గద," అన్నాడు.

విష్ణు కెమెరా వైపు చూశాడు. "మిషినుకేం తెలుస్తదన్నా. మనం ఎటు తిప్పితే అటు సూస్తది," అని వెళ్లిపోయాడు.

మరునాటి నుంచి ఎదురింటి తలుపు తెరుచుకోలేదు. విష్ణు ఇంటివాళ్లు పెరటి దారిన, కాలువ గట్టు మీదుగా రాకపోకలు సాగించారు. ఫోన్‌లో మూసిన తలుపు, దాని ముందు ఊడ్వని గడప. భీమన్నకు ముద్ద దిగలేదు. చివరికి భార్య గంగుబాయి అడిగితే ఉన్నదంతా చెప్పాడు.

ఆమె "నీకు అనుమానముంటే అడగాల్సింది. అడిగితె తిడుతుండె, ఓ నెల పలకకపోతుండె, మళ్ల తనే వస్తుండె. ఊరోళ్లకు నువ్వు చెప్పేది గదేనాయె," అంది. "ఇట్ల సూస్తె వాడేం జవాబిస్తడు?"

భీమన్న కెమెరాను గేటు వైపు తిప్పి, పెరటి దారి పట్టాడు. విష్ణు గొడ్లకు గడ్డి వేస్తున్నాడు. ఊళ్లో ఎందరినో ఎదురెదురుగా కూర్చోబెట్టిన మనిషి పాక గుంజ పట్టుకుని నిలబడ్డాడు. "పసుపు నువ్వే తీసినవనుకున్న విష్ణూ," అన్నాడు చివరికి.

"ఎరికే."

"ఎప్పటిసంది?"

"దుకాణంలనే. ఏం సూడాలెనని ఆయన అడిగితె నువ్వు నా మొఖం సూసినవు." విష్ణు చేతిలోని గడ్డి దులిపి ఆవు ముందు వేశాడు. "ఒట్టి అనుమానమే, నాల్రోజులు సూస్తే పోతది, సూస్కోనీ అనుకున్న. గని తిప్పమని అడిగితె నువ్వు అబద్ధం ఆడినవ్. గది మింగుడు పడలే."

భీమన్న తల దించుకున్నాడు. తప్పయిందని అనబోయి, వంగి తనూ ఇంత గడ్డి తీసి ఆవు ముందు వేశాడు. విష్ణు అర్థమైనట్టు, "కూసో," అని మంచం వాల్చాడు. అన్నదమ్ములిద్దరూ పొద్దుగూకేదాకా కూర్చున్నారు.

సంచులు ఎవరెత్తుకుపోయారో ఇప్పటికీ తెలియదు. కెమెరా ఇప్పుడు గేటునే చూస్తుంది. మళ్లీ పసుపు ఉడకబెట్టే రోజులు వచ్చినప్పుడు విష్ణు పిలవకుండానే వచ్చి పొయ్యి దగ్గర నిలబడ్డాడు. ధర ఎట్లుంటుందో అన్నతో వాదించాడు, ఒకసారి నవ్వాడు కూడా. ఆ నవ్వుకు భీమన్న గుండె తేలికపడింది.

పగటిపూట సుష్మ అందరికీ సద్ది తెచ్చింది. ఇదివరకైతే "ఇంకింత ఏస్కో బావా" అని వద్దన్నా వడ్డించేది. ఇప్పుడు ఆయన ముందు పళ్లెం పెట్టి, అన్నం, కూర వేసి, ఏమీ అనకుండా పక్కవాళ్ల దగ్గరికి జరిగింది. భీమన్న ఇంకొంచెం అడగలేకపోయాడు. వేసిన అన్నం మెతుకు మిగలకుండా తిని, పళ్లెం తనే కడిగి బోర్లించి, మళ్లీ పొయ్యి దగ్గరికి నడిచాడు.