ఆరు తమ్మెల కేంద్రకం

కరోనా సద్దుమణిగిన ఏడాది వేసవిలో నేను భిలాయిలోని ఒక ఆసుపత్రిలో పాథాలజీ విభాగానికి అధిపతిని. విభాగం నుంచి వెళ్లే ప్రతి రిపోర్టు కింద చివరి సంతకం నాది. మా తాతగారు చదవకుండా పెట్టిన సంతకాలతోనే విజయనగరం జిల్లాలోని మా దివాణం పోయింది. ఇంటిపేరు మిగిలింది. దాన్ని పూర్తిగా రాసి సంతకం చేసేదాన్ని. స్వయంగా చూడని స్లైడు కింద ఎన్నడూ చేయలేదు.

తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఖుర్సీపార్ బస్తీ నుంచి సింహాచలం అనే క్రేన్ ఆపరేటరు రక్తం బాగా తగ్గిపోయి చేరాడు. అతని ఎముక మజ్జ స్లైడులో పెద్ద పెద్ద కేంద్రకాలున్న కణాలు కిక్కిరిసి ఉన్నాయి. మా జూనియర్ డాక్టరు రక్త క్యాన్సర్ అని రిపోర్టు రాసి నా ముందు పెట్టాడు. నా సంతకం పడితే మర్నాడే రాయపూర్‌లో క్యాన్సర్ మందులు మొదలవుతాయి. స్లైడు చూశాకే సంతకమని పక్కన పెట్టాను. వార్డు పెద్ద డాక్టరు ఫోన్ చేశారు.

"మేడమ్, గాడీ తయారుగా ఉంది. ఇంత జిద్ ఎందుకు, సైన్ చేసేయండి."

"గాడీని ఆగమనండి. నేనింకా చూడలేదు" అన్నాను.

మైక్రోస్కోపు ముందు తప్ప నేనెక్కడా తల వంచలేదు. వంచి చూస్తే, ఆ కేంద్రకాలు లేతగా, జల్లెడలా ఉన్నాయి. కాని చుట్టూ ఉన్న కణద్రవ్యం ముదిరి గులాబీ రంగు తిరిగింది. రక్త క్యాన్సర్ కణాల్లో సాధారణంగా ఆ ముదురుదనం రాదు. రక్తం స్లైడు తెప్పించాను. చెవి తమ్మెల్లాంటి పాయలు మూడు నాలుగు ఉండవలసిన తెల్లకణం కేంద్రకానికి ఆరు తమ్మెలున్నాయి. అది బి12 విటమిన్ లోపానికి గుర్తు.

అతని భార్య పైడితల్లిని పిలిపించి, ఆయన ఏం తింటాడని అడిగాను.

"ఏటి తింతాడు డాట్రమ్మా! బాబాజీ కాడ కంఠీ కట్టించుకున్నాడు. మెళ్లో ఆ తులసిపూసలు పడ్డకాణ్నించి సేపా లేదు, గుడ్డూ లేదు. పాలు సూస్తే వాంతి. మూడుపూటలా పాలు లేని లాల్ చాయే. 'సీకాకులపోడివి, సేప మానేస్తే పేనం నిలుత్తాదేటి' అని నానంతే, నువ్వు నరకానికి పోతావన్నాడు. ఇప్పుడెవులు పోతన్నారు?" అంటూ కళ్లు తుడుచుకుంది.

జూనియర్ రాసింది కొట్టేసి, 'క్యాన్సర్ కాదు, బి12 లోపం. పరీక్షించి ఇంజెక్షన్లు ఇవ్వండి' అని రాసి సంతకం చేశాను. పరీక్షలో అదే తేలింది. వారం తిరగకుండానే కొత్త ఎర్రకణాలు పుట్టుకొచ్చాయి. వర్షాకాలానికి సింహాచలం మళ్లీ క్రేన్ ఎక్కాడు. కంఠీ తీయలేదు, ఇంజెక్షన్ మానలేదు. పెద్ద డాక్టరు ఆపైన మజ్జ స్లైడు పంపిన ప్రతిసారీ "తీరిగ్గా చూడండి మేడమ్" అనేవారు.

కేంద్రకం పెద్దదిగా కనబడగానే తీర్పు చెప్పకూడదు. చుట్టూ ఉన్న కణద్రవ్యాన్ని చూడాలి, రోగి తిండి అడగాలి. అంతా చూసిన తరువాతే సంతకం చేయాలి. చుట్టూ చూడడం ఉద్యోగం నేర్పింది. చూశాకే సంతకం చేయడం మా దివాణం పోయి నేర్పింది.