పటేలు పికప్‌కు పసుపు పూత

ఈ రోజు కొత్తకోట సంత. గొర్రెల కాపరి మల్లయ్య మా పటేలు పాత పికప్‌ను కిరాయికి మాట్లాడుకున్నాడు. ఆ బండికి డ్రైవరును నేనే. పొద్దున్నే గొర్రెలను ఎక్కించి తాళం తిప్పితే సెల్ఫ్ పలకలేదు, హారన్ మోగలేదు, లైట్లు కూడా వెలగలేదు.

బానెట్ ఎత్తబోతే పటేలు అడ్డం వచ్చాడు.

"దిష్టి తాకింది. నిన్న దసరాకు గింత ముస్తాబు జేస్తే తాకదా?"

గుమ్మడికాయ తెప్పించి బండి ముందు కొట్టించాడు. ఈలోగా ఎండెక్కింది, గొర్రెలు రొప్పడం మొదలుపెట్టాయి. మల్లయ్య ఒక్కొక్కదాన్నే కిందికి దించాడు.

"నా గొర్లు నడిచి పోతయి పటేలా. గీటికి బ్యాటరీ అక్కర లేదు," అని సంతకు తోలుకుపోయాడు.

కిరాయి పోయాక గాని పటేలు నన్ను బానెట్ ఎత్తనివ్వలేదు. బ్యాటరీ వైర్ల కింద పసుపు ముద్ద ఎండి గట్టిపడి ఉంది. నిన్న పూజలో ఈ మహానుభావుడే వైర్లు ఊడదీసి, బ్యాటరీ కొనలకు దట్టంగా పసుపు పట్టించి, మళ్లీ బిగించాడట. ఇక కరెంటు ఎటు నుంచి వస్తుంది? గరుకు కాగితంతో గీకి బిగించాను. బండి వెంటనే లేచింది.

"జూసినవా, గుమ్మడికాయ పని జేసింది," అన్నాడు పటేలు. అని ఊరుకోలేదు, బ్యాటరీకి మళ్లీ పూయడానికి పసుపు గిన్నె తెమ్మని ఇంట్లోకి కేకేశాడు.

ఆయన బుర్రలో ఏ వైరు ఊడిందో కనిపెట్టగల మెకానిక్ మీ ఎరుకలో ఉంటే చెప్పండి. గరుకు కాగితం నేనిస్తాను.