గోడల్లేని గృహప్రవేశం

తొంభై ఆరు ఎండకాలంల, తొండుపల్లి కుర్మయ్య తన బర్రెను "అక్కా" అని పిలిచిన పొద్దు, పాలు పిండుతున్న ఆయన పెండ్లాం భాగ్యమ్మ చేతులు ఆగిపోయినయి.

"అక్కా, మంచిగున్నవా? బావ మంచిగున్నడా?" అని అడుగుతుండు. బర్రె గడ్డి నములుకుంట ఆయన దిక్కే చూసింది. దాని మొగడెవరో దానికే తెల్వదు పాపం!

నవ్వొచ్చే ముచ్చటే గని భాగ్యమ్మకు నవ్వు రాలే. నిరుడు గూడ గిట్లనే బర్రెతోని సుట్టరికం కలిపిండు. ఇగ నిద్ర బంద్. మాట మీద మాట, పని మీద పని. గులాబీలు పెడతనని కాతకొచ్చిన టమాట తోట పీకేసిండు. చలికాలం వచ్చేసరికి మంచం పట్టిండు. తినడు, తానం చెయ్యడు, పలుకడు. ఒకనాడు బాయి గడ్డ మీద కూసోని లోపలికి చూస్తుంటె, భాగ్యమ్మ ఉరికి రెక్క పట్టి గుంజుకొచ్చింది. ఆ భయం ఆమెను ఇంకా విడువలే.

అప్పుడే పట్నం దవాఖానకు తీస్కపోయింది. శివరామకృష్ణ అనే డాక్టరు సారు "ఎప్పుడైనా మరీ హుషారుగా ఉంటాడామ్మా?" అని అడిగితె, "అదేం లేదు సారూ, మంచిగున్నప్పుడు మంచిగనే ఉంటడు" అని చెప్పొచ్చింది. హుషారు గూడ రోగమేనని ఎవలనుకుంటరు చెప్పుండ్రి!

అత్త రాములమ్మకైతె కొడుకును చూస్తె కడుపు నిండింది. "నా కొడుకు ఇన్నొద్దులకు లేచి తిరుగుతుంటె నీ కండ్లు మండుతున్నయానే?" అని కోడలి మీదికే లేచింది.

ఈసారి కుర్మయ్య చూపు ఇంటి మీద పడ్డది. ఊరి బయట జాగల ఇల్లు కట్టాలె కట్టాలె అని ఎప్పటిసందో అనుకుంటుండె. ఒక్క పొద్దుల టేకు దర్వాజ తెచ్చి నిలబెట్టి, పసుపు రాసి, మామిడాకులు కట్టిండు. గోడల్లేవు, కప్పు లేదు, పునాది గూడ లేదు. "ఐతారం గృహప్రవేశం!" అని కుంకుమ బరిణె పట్టుకొని ఊరి మీద పడ్డడు.

బొట్టు పెట్టి పిలిచేది ఆడోళ్ళ పని. పరాయి ఆడోళ్ళకు తను పెట్టరాదన్న సోయి మాత్రం ఉంది మహానుభావునికి! అందుకే వాళ్ళ దర్వాజలకు పెట్టిండు. కల్లు దుకాణంల సీసాలకు పెట్టిండు. శంషాబాద్ బస్సు ముంగటి అద్దానికి పెట్టి, కండక్టరు నుదుటికి గూడ పెట్టిండు.

"గోడలేవి కుర్మయ్యా?" అని సర్పంచు మొగులయ్య అడిగిండు.

"గోడలుంటె ఇంతమంది ఎట్ల పడుతరు సర్పంచ్ సాబ్?"

ఊరంత పడి పడి నవ్వింది. భాగ్యమ్మకు మాత్రం నిరుటి బాయి గడ్డ యాదికొచ్చింది. ఇది ఎక్కుడు, దీనెనుక దిగుడు ఉంటది, దిగిన కాడ బాయి ఉంటది. ఇది ఆమెకొక్కదానికే కనవడుతుంది. "దవాఖానకు పోదాం పా" అంటె, "నాకేమైందే? రాజా లెక్కున్న!" అని కసిరిండు.

జర సేపు ఆలోచన చేసి, భాగ్యమ్మ కొత్త దారి పట్టింది. "ఏమయ్యా, లోకమంత పిలిచినవు. నిరుడు నిన్ను మంచంల నుంచి లేపిన డాక్టరు సారును మరిస్తివా? గింత మర్యాద లేకపాయెనా?"

కుర్మయ్య నాలుక కరుసుకున్నడు. "అయ్యో, ఎంత తప్పయింది! పా పా, బస్సు పోతది!"

దవాఖానల వాచ్‌మన్‌కు బొట్టు, బరువు చూసే మిషన్‌కు బొట్టు. లోపలికి పోయి సారు నుదుటికి ఇంత కుంకుమ మెత్తి, "దర్వాజల నుంచే రావాలె సారూ, పక్కలకెల్లి వస్తె నాకు కోపమొస్తది" అన్నడు.

సారు బొట్టు తుడుచుకోలే. "రాత్రి నిద్రపోతున్నారా?" అని మెల్లగ అడిగిండు.

"నిద్రా? టైమేది సారూ?"

సారు భాగ్యమ్మ దిక్కు తిరిగిండు. "అమ్మా, ఆ దిగులూ ఈ హుషారూ ఒకటే జబ్బు. పోయినసారి మీరు సగమే చెప్పారు, నేను సగానికే మందిచ్చాను."

భాగ్యమ్మ బోరున ఏడ్చింది. "నాదే తప్పా సారూ?"

"కాదమ్మా. ఇంత ఉత్సాహంగా ఉన్న మనిషిని ఆసుపత్రికి ఎవరు తీసుకొస్తారు? మీరు తీసుకొచ్చారు."

కుర్మయ్యను కొన్నొద్దులు దవాఖానల ఉంచుకున్నరు. మందులు మారినయి. ఐతారం నాడు ఊరోళ్ళు తమాషకు రానే వచ్చిండ్రు. పిలిచినోళ్ళను ఉత్తగ పంపుతమా అని రాములమ్మ గుగ్గిళ్ళు ఉడకబెట్టింది. అందరు బుద్ధిగ దర్వాజల నుంచి లోపలికి పోయి, పక్కలకెల్లి బయటికొచ్చిండ్రు.

చలికాలంల దిగుడు వచ్చింది గని బాయి దాకా పోలే. మల్ల ఎండకాలం వచ్చింది. ఒక పొద్దుగాల భాగ్యమ్మ పాలు పిండుతుంటె కుర్మయ్య కొట్టం కాడ నిలబడ్డడు. బర్రె దిక్కు చూస్తుండు, నోరు తెరుస్తుండు, మూస్తుండు. భాగ్యమ్మ పాలు పిండుడు ఆపింది.

"ఏందయ్యా?"

"భాగ్యా, నిద్ర సరిగ వస్తలేదు. దీన్ని అక్కా అనాలనిపిస్తుంది. ఇంకా అనలే. జల్ది దవాఖానకు పోదాం పా."

భాగ్యమ్మ చెంబు కింద పెట్టి, కొంగుతోని కండ్లు తుడుచుకుంది. ఏడుపొస్తుందో నవ్వొస్తుందో ఆమెకే తెలుస్తలేదు.

"కుంకుమ బరిణె తేవాల్నా?"

"వద్దే. సారుకు మనం ఎరుకే గద."